కిటికీ దగ్గర పెట్టకండి

ఫిబ్రవరి. తాలిన్‌లో సున్నాకి పద్దెనిమిది డిగ్రీల కింద
సముద్రం కూడా నోరు మూసుకుంది.
తార్తూ నుంచి బస్సులో వచ్చాను,
చెల్లెలి బూట్లు, నా కాళ్ళు.
ఆహ్వానపత్రం మీద నా పేరులో ఒక అక్షరం తక్కువ.
పర్వాలేదు. హెల్వి అని ఎలా రాసినా
ఊదే ఊపిరి ఒకటే.

వేదిక మీద ఇద్దరు.
కాల్యు (మా భాషలో బండరాయి అని), రసాయనశాస్త్రం.
ఊర్వె, భౌతికశాస్త్రం.
మధ్యలో ఒక కుర్చీ ఖాళీ.
దేశపు విజ్ఞాన బహుమతి ఈ ఏడు ఇద్దరికీ కలిపి
అని చదువుతున్నాడు మంత్రి,
"కలిపి" దగ్గర కళ్ళజోడు సర్దుకుంటూ.

పదకొండేళ్ళుగా మాటల్లేవు వాళ్ళకి.
వ్యాసం మీద ఎవరి పేరు ముందన్న దగ్గర మొదలై
టీ కెటిల్ ఎవరిదన్న దాకా పోయింది.
చివరికి ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది
నా బల్ల.
పొద్దున్నే వచ్చి చూస్తే రెండు చీటీలు:
"మెడ ఇంకా సన్నగా": ఆయన, పెన్సిలు.
"మెడ ఇంకా పొడుగ్గా": ఆవిడ, ఎర్ర సిరా.
ఒకే గొట్టానికి.
మంట వెలిగించి లాగేదాన్ని.
సన్నగా లాగితే పొడవు దానంతటదే వస్తుందని
అంత చదువుకున్న వాళ్ళకి తెలియదనుకోను.

నలభై ఒక్క గొట్టాలు పగిలాయి.
కొన్ని నా చేతిలో, కొన్ని పొయ్యిలో,
ఒకటి మాత్రం ఎవరూ ముట్టకుండా
ఆదివారం మధ్యాహ్నం, బీరువాలో, టప్పున.
నలభై రెండోది నిలిచింది.
అందులో ఆయన పెంచిన స్ఫటికం, గోరులో సగం.
దానిలోకి ఆవిడ పంపిన వెలుతురు
వెళ్ళవలసిన దారిన కాక
వేరే దారిన బయటికొచ్చింది.
మంత్రి చదువుతున్నది అదే, మూడు పేజీలు.
నాకు అర్థమైంది ఒక పేజీ.

గాజు సంగతి నాకు తెలుసు.
ఎర్రగా ఉన్నప్పుడు ఎంత వంచినా పగ పట్టదు.
తొందరపడి చల్లార్చావో,
పడ్డ ప్రతి లాగుడూ లోపల దాచుకుంటుంది.
పైకి నీళ్ళంత తేట.
రాత్రంతా పొయ్యిలో, గంటకి ఇన్ని డిగ్రీలని,
నిద్రపోయిన బిడ్డని ఒళ్ళోంచి పక్క మీదికి దించినట్టు
దించాలి దాన్ని.

బహుమతి తెచ్చారు. గాజుదే.
ఒకదాన్నొకటి పెనవేసుకున్న రెండు అలలు,
కింద నల్లరాతి దిమ్మె.
చప్పట్లు. నా చెయ్యి మాత్రం సంచిలోకి పోయింది, పాత అలవాటు:
తపాలా కార్డంత పొలరాయిడ్ ముక్క.
వెనక పెద్ద టీవీ తెర ఉంది కదా,
దాని వెలుతురు ముందే ఒక వైపుకి దువ్వుకుని వస్తుంది.
ముక్కని కంటికి పెట్టి మెల్లగా తిప్పాను.
తెర నల్లబడింది,
జెండా, మంత్రిత్వశాఖ ముద్ర అన్నీ ఆరిపోయాయి.
ఆ చీకట్లో బహుమతి ఒక్కటే
నెమలి మెడలా రగులుతోంది,
అలలు రెండూ కలిసేచోట మరీ.
"ఏం చూస్తున్నారు?" పక్కావిడ.
"బావుందని," అన్నాను.
అబద్ధం కాదు.

తరవాత నల్ల రొట్టె, ఉప్పు చేప, చిన్న గ్లాసులు.
నన్ను వెతుక్కుంటూ వచ్చారు ఇద్దరూ,
బహుమతిని చెరోవైపు పట్టుకుని,
వదిలితే ఓడినట్టని.
"జూన్ దాకా నా గదిలో ఉంటుందని చెప్పు ఆయనకి."
"తరవాత నాదని చెప్పు ఆవిడకి."
ఎవరి గదైనా సరే, అన్నాను,
కిటికీ దగ్గర పెట్టకండి.
సోమవారం నా దగ్గరికి తీసుకురండి,
ఒక రాత్రి పొయ్యిలో ఉండాలి ఇది.
ముందు దిమ్మె ఊడదీయాలి.
దానికి ఇద్దరు పట్టుకోవాలి,
ఒక్కరి వల్ల కాదు.

ఇది మాత్రం అబద్ధం.